ఫ్యాను ఆగితే మెలకువ వచ్చేస్తోంది

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. నా వయసు 34. మా ఆయన రెండు చెరువులు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తున్నారు. రాత్రిళ్లు చెరువు కట్ట మీద షెడ్డులోనే పడుకుంటారు. నేను ఇంట్లో కుట్టుమిషన్ పని చేస్తాను. అత్తమ్మ, ఏడేళ్ల పాప ఉన్నారు. పోయినేడు ఒక రాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి, ఇంజన్ కూడా స్టార్ట్ కాక ఒక చెరువు దెబ్బతింది. అప్పటి నుంచి ఇంట్లో ఫ్యాను ఆగితే చాలు, ఉలిక్కిపడి లేస్తున్నా. గుండె దడ. వెంటనే ఆయనకు ఫోన్ చేస్తా. ఇంటి లైను వేరు, చెరువు లైను వేరు అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నా ఒళ్లు వినడం లేదు. ఇక తెల్లారేదాకా నిద్ర రాదు. పొద్దున లేస్తే దవడలు నొప్పి, మెడ పట్టేసి ఉంటుంది. ఆ చిరాకులో మొన్న పాపను కొట్టాను కూడా. ఫోన్‌లో చూసి కళ్లు మూసుకుని శవాసనం వేస్తే దడ ఇంకా ఎక్కువైంది. అత్తమ్మేమో "మా కాలంలో యాడున్నయి ఈ టెన్షన్లు" అంటుంది. ఇంట్లోనే చేసుకునే తేలిక పద్ధతులు ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు: అమ్మా, "నా ఒళ్లు వినడం లేదు" అని రాశారే, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. లైన్లు వేరన్న సంగతి మీ బుర్రకు ఎప్పుడో అర్థమైంది. ఒంటికి మాత్రం ఎక్కలేదు. ఆ ఒక్క రాత్రి దానికి ఒకటే నేర్పింది: ఫ్యాను చప్పుడు ఆగితే ప్రమాదం. అందుకే మీరు నిద్రపోతున్నా మీ చెవి కాపలా కాస్తోంది. కట్ట మీద ఆయన కాపలా, మంచం మీద మీరు కాపలా. ఆయన చేతికి కనీసం ఇంజన్ హ్యాండిలు ఉంది. మీకు అదీ లేదు. ఏమీ చేయలేని కాపలా కాయడమే ఎక్కువ అలసట.

కాబట్టి ఊపిరి సంగతులకు ముందు ఆయనతో ఒక ఒప్పందం చేసుకోండి. కరెంటు పోయినప్పుడల్లా ఆయన్ని మిస్డ్ కాల్ ఇమ్మని చెప్పాలని మొదట నాకూ అనిపించింది. కానీ అలా చేస్తే ఆ మిస్డ్ కాల్ కోసం మీరు మేలుకుని కూర్చుంటారు. దాన్ని తిరగేసి పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తేనే ఆయన ఫోన్ చేస్తారు. ఫోన్ మోగలేదంటే అంతా బాగున్నట్టే. మీ ఫోన్ రింగు గట్టిగా పెట్టి, చేతికి అందనంత దూరంలో, అల్మారా మీద పెట్టండి. మీరుగా చేయకూడదు. మొదటి నాలుగైదు రాత్రులు చేయి పీకుతుంది. పీకనివ్వండి.

ఇక శవాసనం. అది వేస్తే దడ పెరిగిందని భయపడుతున్నారేమో, ఇది చాలామందికి జరిగేదే. రోజంతా బిగబట్టుకున్న మనిషిని ఒక్కసారిగా కళ్లు మూసుకుని కదలకుండా పడుకోమంటే, బయటి చప్పుళ్లు తగ్గి లోపలి చప్పుడు పెద్దగా వినపడుతుంది. గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. తెలిసేసరికి భయం, భయంతో మళ్లీ దడ. శవాసనం మంచిదే, కానీ మీకు మొదటి మెట్టు అది కాదు. కళ్లు తెరుచుకుని, కుర్చీలో కూర్చుని, చేతులకు పని ఉండేదానితో మొదలుపెట్టండి.

అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు సుమారు వందేళ్ల కిందట ఒక పద్ధతి తయారుచేశారు. కండరాన్ని వదులు చేయడం చేతకాకపోతే ముందు దాన్ని బిగించి చూడు, బిగింపు ఎలా ఉంటుందో తెలిస్తే వదలడం తెలుస్తుంది అన్నది ఆయన పట్టుకున్న కిటుకు. మీరు తడిగుడ్డ పిండుతారు కదా, అలా పిడికిళ్లు బిగించండి. మనసులో అయిదారు అంకెలు లెక్కపెట్టి ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక తొందరపడి రెండోదానికి పోవద్దు. అర నిమిషం అలాగే ఉండి, అరచేతుల్లో వెచ్చగా, బరువుగా ఏం తెలుస్తోందో చూడండి. ఫలితం ఆ అర నిమిషంలోనే ఉంది. చాలామంది బిగించడం శ్రద్ధగా చేసి, వదలడం హడావుడిగా చేస్తారు.

పిడికిళ్ల తర్వాత భుజాలు. మిషన్ మీద వంగి కుట్టేవాళ్లకు భుజాలు చెవుల దగ్గరికి పోయి అక్కడే ఉండిపోతాయి. అవి పైకి పోయాయన్న సంగతే వాళ్లకు తెలియదు. ఇంకా పైకి లేపి, బిగించి, దబ్బున కింద పడేయండి. తర్వాత పొట్ట, తొడలు, పాదాలు. మెడను మాత్రం గట్టిగా బిగించవద్దు, ఇప్పటికే పట్టేసి ఉంది. పిక్కలు పట్టేసే అలవాటు ఉంటే అక్కడా మెల్లిగానే. మొత్తం పది, పన్నెండు నిమిషాలు. పడుకునే ముందు కంటే సాయంత్రం మిషన్ మూసేశాక చేస్తే మంచిది. ఫలానా రోజుకు నిద్ర వస్తుందా అని పరీక్ష పెట్టుకోకుండా రోజూ చేస్తూ పోండి. ఈత నేర్చుకున్నట్టే ఇదీ, వరద వచ్చాక నేర్చుకునేది కాదు.

దవడ గురించి వేరుగా చెప్పాలి. పొద్దున్నే నొప్పి ఉందంటే బహుశా నిద్రలో పళ్లు బిగిస్తున్నారన్న మాట. నాకూ ఈ అలవాటు ఉండేది. పై దంతాలు అరిగాయని పళ్ల డాక్టరు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆయన చెప్పిన చిన్న మాట ఇప్పటికీ పాటిస్తున్నా: పెదవులు కలిసి ఉండాలి, పళ్లు ఎడంగా ఉండాలి. నమిలేటప్పుడు తప్ప పై పళ్లకూ కింది పళ్లకూ పనిలేదు. మీరు సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా ఒకసారి చూసుకోండి, పళ్లు కరుచుకుని ఉన్నాయా అని. ఉంటే నాలుక కొసను పై పళ్ల వెనక ఆనించండి, దవడ దానంతటదే జారుతుంది. రోజుకు ఎన్నిసార్లు దారం ఎక్కిస్తారో నాకంటే మీకే బాగా తెలుసు. నొప్పి తగ్గకపోతే పళ్ల డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు ఊపిరి. ముందుగా ఒక సంగతి మీ చేత్తోనే చూడండి. మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి పట్టుకుని, నెమ్మదిగా గాలి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వడిగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. కొందరికి బాగా తెలుస్తుంది, కొందరికి లీలగా. గుండె వేగం మన మాట వినదు కానీ ఊపిరి మాట కొంత వింటుంది. అందుకే దడగా ఉన్నప్పుడు గట్టిగా గాలి పీల్చుకోమనే సలహా అంత మంచిది కాదు. బలవంతంగా ఎక్కువ పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీరు వదలడం మీద దృష్టి పెట్టండి. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలడం. నిమిషానికి సుమారు ఆరు ఊపిర్లు అవుతాయి. అయిదు నిమిషాలు చాలు. మధ్యలో ఊపిరి బిగబట్టనక్కర్లేదు.

పాపకు కూడా ఇది నేర్పండి, వేరే పేరుతో. సబ్బునీళ్లలో పుల్ల ముంచి బుడగలు ఊదించండి. పెద్ద బుడగ రావాలంటే పొడుగ్గా, మెల్లగా ఊదాలి, అదే మనకు కావలసింది. మీరూ పక్కన కూర్చుని ఊదండి. అయితే దానికంటే ముందు ఒకటి చేయాలి. కొట్టినందుకు పాపకు సారీ చెప్పండి. "నాకు నిద్ర లేదు, అందుకు కొట్టా, తప్పు నాది, నీది కాదు" అని. పిల్లలు కారణం తెలియకపోతే తప్పు తమమీదే వేసుకుంటారు. ఇకమీదట చేయి లేస్తోందని అనిపిస్తే ఏమీ మాట్లాడకుండా కుండ దగ్గరికి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి రండి. వాదన గెలవాల్సిన అవసరం ఏడేళ్ల పిల్ల దగ్గర లేదు.

మెలకువ వచ్చిన తర్వాత ఏం చేయాలి అంటారా? మీ ఆయన్ని అడిగి చూడండి, చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు బాగా పడిపోతుందని. తెల్లవారుజామున అంటారు. రాత్రంతా నీళ్లలో ఉన్నవన్నీ ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, ఎండ లేదు కాబట్టి నాచు ఆక్సిజన్ ఇవ్వదు. మనిషికీ ఆ వేళ గడ్డు వేళే. మూడు, నాలుగింటికి లేచి ఆలోచించిన అప్పు, పదింటికి ఆలోచించిన అప్పు కంటే రెండింతలు కనపడుతుంది. కాబట్టి ఆ టైములో లెక్కలు వేయవద్దు. గడియారం చూడవద్దు. ఓ ఇరవై నిమిషాలు అనిపించేంతసేపు దొర్లినా నిద్ర రాకపోతే మంచం దిగి, చిన్న లైటులో ఓ జాకెట్టుకు హుక్సులు కుట్టుకోండి. కళ్లు మూతలు పడితేనే మళ్లీ పడుకోండి.

లెక్కలకు పగటి టైము ఇవ్వండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత పావుగంట, ఒక నోటుబుక్కు. మేత షాపు బాకీ, లీజు, పాప ఫీజు, ఈసారి కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) రేటు పడిపోతే ఎట్టా, అన్నీ రాయండి. ఏది మీ చేతిలో ఉందో దాని పక్కన టిక్కు పెట్టండి. రాత్రి ఆ ఆలోచన వస్తే "బుక్కులో ఉంది, రేపు రెండింటికి చూద్దాం" అనుకోండి. వారానికోసారి ఆ బుక్కు ఆయన ముందు పెట్టండి. ఊపిరి పద్ధతులు మేత బాకీ తీర్చవు, ఆ సంగతి మీకు చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్టే. బాకీ గురించి ఇద్దరూ నిద్ర ముఖాలతో కాకుండా మామూలుగా మాట్లాడుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

సాయంత్రం ఆరింటికి మిషన్ దగ్గర టీ తాగే అలవాటు ఉంటే దాన్ని మూడింటికి జరపండి. టీలోని కెఫీన్ సగం కరగడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది.

అత్తమ్మ మాటకు బాధపడకండి. వాళ్ల కాలంలో టెన్షన్లు లేవా? ఉన్నాయి. తుపాన్లు వాళ్లూ చూశారు, పంటలు వాళ్లవీ పోయాయి. కానీ పొద్దుగూకితే అరుగు మీద చేరేవాళ్లు, ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్లు, ఆదివారం తలంట్లు ఉండేవి. దానికి రిలాక్సేషన్ అని పేరు పెట్టలేదు, అంతే. ఆవిడతో వాదించకుండా కొబ్బరినూనె గిన్నె తీసుకెళ్లి ముందు కూర్చుని, "మెడ పట్టేసింది అత్తమ్మా, కాస్త నూనె రాయండి" అని అడగండి. గోరువెచ్చని నూనెతో మెడ, కణతలు మర్దనా చేస్తే బిగుతు సడలుతుంది. పైగా కోడలు అడిగితే కాదనే అత్తలు తక్కువ.

డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్లి రండి. దడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు మించి దేనిమీదా మనసు పోకుండా ఉన్నా, బతుకు మీద విరక్తి మాటలు వస్తున్నా 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఆయన ఫోన్‌లో కూడా వేయండి. రాత్రంతా ఒంటరిగా కట్ట మీద ఉండే మనిషి, ఆయన మనసెలా ఉందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆయన ఎలా నిద్రపోతున్నారో ఈసారి రాసేటప్పుడు అదీ రాయండి.