గ్లోబు మీద దారం

విమానాలకు దారి, ఇంధనం లెక్కగట్టే ఫ్లైట్ డిస్పాచర్‌గా 27 ఏళ్లు పనిచేశాను. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ పని గురించే రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: మేడమ్, లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తుంటే సీటు ముందు తెరమీద మా విమానం గ్రీన్‌లాండ్ దాకా ఎక్కి, విల్లులా వంగి దిగింది. నేరుగా వెళ్తే ఇంధనం మిగిలేది కదా? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: బాబూ, నువ్వు చూసిందే నేరు దారి. ఆ వంకర పటానిది. గుండ్రటి భూమిని పలకలా పరిస్తే ధ్రువాల వైపు అంతా సాగిపోతుంది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేనిచ్చేది ఒక గ్లోబు, మూరెడు దారం. ఒక కొస లండన్ మీద, ఇంకో కొస లాస్ ఏంజెలెస్ మీద వేలితో అదిమి బిగలాగమనేదాన్ని. దారం తనంతట తానే పైకి జరిగి గ్రీన్‌లాండ్ మీద కూర్చునేది. దాన్ని అట్లాంటిక్ నడిమికి లాగి పెట్టబోతే దారం చాలదు. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! లెక్కల్లో దాన్నే మహావృత్తం అంటారు.

అయితే మేం దారాన్నే పట్టుకుని కూర్చోం. విమానం ఈదేది గాలిలో, ఆ గాలి కూడా కదులుతుంది. లండన్, న్యూయార్క్ మధ్య దారం పొడవు 5,540 కి.మీ. విమానం గాలిలో గంటకు 900 కి.మీ. పోతుందనుకో. పడమరకు వెళ్లేటప్పుడు 100 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేలమీద లెక్కకు వచ్చే వేగం 800. ఏడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది, ఆలోగా గాలిలో ఈదిన దూరం 6,200 కి.మీ. దాటుతుంది. తిరుగు దారిలో అదే గాలి వెనక నుంచి తోస్తే ఐదున్నర గంటలు, 5,000 కి.మీ. లోపే. ఊళ్లు కదల్లేదు, దూరం మాత్రం 1,200 కి.మీ. మారింది. జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున పడమర నుంచి తూర్పుకు నదిలా పారే వేగమైన గాలి, గట్టిగా వీచే చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే గాలి కోసం దారాన్ని వదిలి వందల కిలోమీటర్లు పక్కకు పంపిన రాత్రులు నాకు ఎన్నో ఉన్నాయి. అలా పంపితేనే ఇంధనం మిగిలేది.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వెళ్లి వచ్చిన ప్రయాణానికి నా వంతు కాలుష్యం ఎంతో ఆన్‌లైన్లో రెండు చోట్ల లెక్క చూశాను. ఒకటి టన్ను లోపు అంది, రెండోది రెండు టన్నులు దాటించింది. వీటిలో ఏది అబద్ధం? (ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: రెండూ నిజమే అయి ఉండవచ్చు మాస్టారూ. అసలు లెక్కలో తగాదా లేదు. కిలో విమాన ఇంధనంలో దాదాపు 860 గ్రాములు కార్బనే. మండేటప్పుడు ప్రతి 12 గ్రాముల కార్బన్ బయటి గాలిలోంచి 32 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకుని 44 గ్రాములవుతుంది. అందుకే కిలో ఇంధనం 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది. ఇంధనపు షీటు మీద సంతకం పెట్టిన ప్రతిసారీ నా మనసులో ఈ మూడింతలు మెదిలేది.

తేడా వచ్చేది పంపకంలో. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో తన లెక్కలో మహావృత్తపు దూరానికి కొంత కలుపుతుంది. 550 కి.మీ. లోపు ప్రయాణానికి 50, 5,500 దాకా 100, ఆపైన 125. దిగేముందు ఆకాశంలో చుట్లు తిరగడం, వాతావరణాన్ని తప్పించుకోవడం వంటి వాటికోసం ఇది. కొందరు ఇలా దూరానికి కలపరు. ఇక సీటు. బిజినెస్ క్లాసులో పడుకునే సీటు ఎకానమీలో ఇద్దరు ముగ్గురి చోటు తింటుంది, ఆ మేరకు కాలుష్యమూ ఆ ప్రయాణికుడిదే.

అన్నిటికన్నా పెద్ద తేడా తెల్లచారలది. మా ఆఫీసు మేడమీద సాయంత్రం నిలబడి వాటిని చూసేదాన్ని. ఒక విమానం వెనక చార వేలెడు సాగి చెరిగిపోతుంది. మరో విమానం వెనక అదే చార దూదిలా విచ్చుకుని, గంట తర్వాత చూస్తే ఆకాశంలో సగం పలచటి మబ్బు. బాగా చల్లగా, తేమగా ఉన్న పొరలోంచి వెళ్తే అలా నిలిచిపోతుంది. ఆ మబ్బు రాత్రి పూట భూమి వేడిని పైకి పోనివ్వదు. ఐకావో లెక్కలో ఇది లేదు. దీన్నీ కలిపేవాళ్లు కార్బన్ అంకెను దాదాపు రెట్టింపు చేస్తారు.

నా మాట వింటే, పెద్ద అంకెనే నమ్మండి. ఏటా ఒకే చోట లెక్క చూసుకోండి, అప్పుడే పోల్చుకోగలరు. ప్రపంచపు కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతం దగ్గరే. కానీ ఎగిరే మనిషికి ఆ ఏడాదిలో అదే అతి పెద్ద పద్దు కావచ్చు. మధ్యలో దిగి మారకుండా ఒకే విమానంలో వెళ్తే ఒక టేకాఫ్ తగ్గుతుంది. రెండు చిన్న ప్రయాణాల బదులు ఒకసారి వెళ్లి ఎక్కువ రోజులుంటే ఇంకా మంచిది. మీ అబ్బాయికీ అదే ఇష్టంగా ఉంటుంది.

ప్రశ్న: పడమరకు వెళ్తే రెండు మూడు రోజుల్లో కుదురుకుంటాను. తూర్పుకు వస్తే మాత్రం వారం దాకా తెల్లవారుజామున మూడయినా నిద్ర పట్టదు. దూరం ఒకటే కదా, ఎందుకిలా? (ఒక ఉద్యోగిని)

జవాబు: దీనికీ దూరానికీ సంబంధం లేదమ్మా. లండన్ నుంచి జొహన్నెస్‌బర్గ్ 9,000 కి.మీ., దాదాపు 11 గంటల ప్రయాణం. ఒళ్లు అలుస్తుంది గానీ గడియారం తేడా గంటో రెండో. దాటిన రేఖాంశాలే జెట్ లాగ్, అంటే మీరు చెప్పిన ఈ నిద్ర తిప్పలు, తెస్తాయి. మనలోని గడియారం సహజంగా 24 గంటలకన్నా కాస్త పొడవు. దాన్ని వెనక్కి జరపడం సులువు, ముందుకు లాగడం కష్టం. పడమరకు వెళ్తే వెనక్కి, తూర్పుకు వెళ్తే ముందుకు జరపాలి. తూర్పుకు రోజుకు దాదాపు గంట చొప్పునే కుదురుకుంటుంది.

ఎండ దీన్ని తొందరగా సరిచేయగలదు, తప్పు వేళలో తగిలితే చెడగొట్టనూ గలదు. ఒకసారి ఆరు గంటల తేడా ఉన్న చోటికి తూర్పుగా వెళ్లాను. పొద్దుటెండ మంచిదని ఏడింటికే నడకకు బయల్దేరాను. నా ఒంట్లో అప్పుడు అర్ధరాత్రి ఒంటిగంట. నాలుగు రోజులు అలా నడిచి, రోజురోజుకూ నిద్ర ఇంకా ఆలస్యమైంది. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా పడిపోతుంది. ఆ ఘడియకు ముందు తగిలిన వెలుగు గడియారాన్ని వెనక్కి, తర్వాత తగిలింది ముందుకు నెడుతుంది. పాత ఊళ్లో ఏడింటికి లేచే నాకు ఆ ఘడియ నాలుగున్నర, అంటే కొత్త చోట పదిన్నర. ఆలోగా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నీడపట్టున ఉండి, ఆ తర్వాత ఎండలోకి వెళ్లాల్సింది. మర్నాటి నుంచి రోజుకో గంట ముందుకు జరుపుకుంటూ పోవాలి. మీరూ అలా లెక్క వేసుకోండి. నిద్ర వేళను సరిచేసుకోవడానికి వాడే మెలటోనిన్ మాత్ర డాక్టర్ని అడగకుండా వద్దు. రాత్రి నిద్ర కుదిరేదాకా దయచేసి కారు నడపకండి.

ప్రశ్న: సూర్యుడు అస్తమించకుండా విమానంలో అలా పోతూనే ఉండొచ్చా? (ఐదో తరగతి పాఠకుడు)

జవాబు: ఉండొచ్చు చిన్నా! భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1,670 కి.మీ. తిరుగుతుంది, మన విమానం అందుకోలేదు. 60వ అక్షాంశం దగ్గర భూమి చుట్టుకొలత సగమే, కాబట్టి వేగమూ సగమే, 835. అక్కడ పడమరకు గంటకు 900 పోయే విమానం నుంచి చూస్తే సూర్యుడు గంటలకొద్దీ ఒకేచోట నిలబడినట్టుంటాడు. చలికాలం మధ్యాహ్నం యూరప్ నుంచి అమెరికాకు ఎప్పుడైనా వెళ్తే ఎడమవైపు కిటికీ సీటు అడుగు.