‘నాకు బుర్ర లేదు’ అన్న మాట ఎవరిది?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాకు 33 ఏళ్లు. పదో తరగతిలో లెక్కలు తప్పాను. ఆ రోజు మా నాయన ‘నీ బుర్రలో పేడ తప్ప ఏమీ లేదు’ అన్నాడు. చదువు అక్కడితో ఆగిపోయింది. మా ఆయన కూడా నవ్వులాటకు అదే మాట అంటాడు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా డ్వాక్రా సంఘానికి ఈసారి నన్ను లీడరుగా ఉండమంటున్నారు. బ్యాంకులో సంతకాలు, మీటింగులో మాట్లాడటం తలుచుకుంటేనే గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టడం లేదు. మొన్న మా పాప లెక్కలు రాలేదని చెబితే ‘నా పోలికే వచ్చింది నీకు’ అనేశాను. అది ఏడ్చింది. నేను మారగలనా?

జవాబు: అమ్మా, మీరు రోజూ చేసే పని గురించే ముందు మాట్లాడుకుందాం. చాతీ కొలత 36 అని టేపు పట్టి చూడగానే నాలుగో వంతు 9 అని మీకు తోస్తుంది. కుట్టుకూ, రేపు వదులు చేసుకోవడానికీ ఒకటిన్నర ఇంచీ కలిపి పదిన్నర దగ్గర గీత పెడతారు. 80 సెంటీమీటర్ల ముక్కలో చేతులు, వీపు, ముందు భాగాలు ఎలా సర్దాలో కత్తెర పెట్టకముందే మనసులో చూసుకుంటారు. ఇది లెక్క కాకపోతే మరేమిటి? పదో తరగతి పరీక్షలో దీన్ని అడగలేదు, అంతే.

మీరు తప్పింది ఒక పరీక్ష. ‘బుర్ర లేదు’ అన్నది కోపంలో ఉన్న ఒక తండ్రి మాట. పదహారేళ్ల పిల్లకు ఈ రెండిటినీ విడదీసి చూడటం రాదు. అందుకే ఆ మాట మీ సొంత అభిప్రాయమై కూర్చుంది. మీ నాయన ఇప్పుడు అనకపోయినా మీకు మీరే అనుకుంటున్నారు. 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దిగులుతో వచ్చిన రోగుల్లో దీన్నే గమనించారు. మనం పిలవకుండానే చటుక్కున వచ్చిపోయే ఇలాంటి ఆలోచనలను నిజమని నమ్మేస్తాం, పరీక్షించి చూడం.

బిగుతయిన జాకెట్టు తిరిగొస్తే మీరు ‘నాకు కుట్టడం రాదు’ అని మిషను మూసేయరు. చంక దగ్గర బిగుతా, నడుము దగ్గరా అని అడుగుతారు. ‘నాకు చేతకాదు’ అనిపించినప్పుడూ అదే అడగండి, ఏది చేతకాదు? డబ్బు లెక్కా? నూటికి రూపాయి వడ్డీ అంటే వెయ్యికి నెలకు పది రూపాయలని మీకు తెలుసు. పదిమంది తలా 200 పొదుపు కడితే ఎంతో కాగితం అక్కర్లేకుండానే చెబుతారు. బ్యాంకు ఫారమా? ఇప్పటి లీడరుతో రెండుసార్లు వెళ్లి చూస్తే వస్తుంది. మిగిలేది నలుగురిలో మాట్లాడటం. మీ భయమంతా అక్కడే ఉందని నాకనిపిస్తోంది. దాన్ని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు.

ధైర్యం వచ్చాక పని మొదలుపెడదామని చాలామంది ఆగిపోతారు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే వివరంగా రాశారు: ‘నేను చేయగలను’ అన్న నమ్మకం అన్నిటికన్నా గట్టిగా వచ్చేది మనం చేసి నెగ్గిన పని నుంచే. మనలాంటి మనిషి చేయగా చూడటం కూడా సాయపడుతుంది. ఊరికే పొగిడితే వచ్చే ధైర్యం అంతగా నిలవదు. అందుకే అద్దం ముందు ‘నేను గొప్పదాన్ని’ అనుకోమని నేను చెప్పను.

సంఘంలో ఒక మాట అడగండి: ‘రెండు నెలలు రెండో లీడరుగా ఉంటాను, తర్వాత చూద్దాం’ అని. వచ్చే మీటింగులో ఎంత పొదుపు వచ్చింది, ఎంత అప్పు తీరింది, ఎవరిది బాకీ ఉంది అన్న ఈ మూడు మాత్రం కాగితం చూసి చదవండి. గుండె దడదడలాడుతుంది, ఆడనివ్వండి. అది మీకు రాదనడానికి గుర్తు కాదు. మీ కొలతల పుస్తకంలో వెనక పేజీ తీసి, ఒకవైపు మీరు భయపడింది, రెండోవైపు నిజంగా జరిగింది రాసుకోండి. తప్పు జరిగితే అదీ రాయండి, కానీ ఎక్కడ జరిగిందో కూడా రాయాలి.

మీ ఆయనతో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: ‘నువ్వు నవ్వులాటకే అంటావు, నాకు మాత్రం మా నాయన గొంతు వినిపిస్తుంది. ఇకమీదట అనొద్దు’ అని. మళ్లీ అంటే మళ్లీ చెప్పండి.

నిద్రలేమి రెండు వారాలు దాటినా, అన్నం సహించకపోయినా, బతుకు మీద విరక్తి అనిపించినా మీటింగు టెన్షనే కదా అని వదిలేయకండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్‌లో ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవన్నీ నెమ్మదిగా చేయొచ్చు. పాప విషయం మాత్రం ఇవాళ రాత్రే. ‘ఆ మాట తప్పుగా అన్నాను’ అని చెప్పండి. మా నాయన నన్ను అలాగే అన్నాడని కూడా చెప్పండి. తర్వాత టేపు దాని చేతికిచ్చి, మీ కొలత తీసి నాలుగో వంతు ఎంతో చెప్పమనండి. తప్పు చెబితే టేపును రెండు మడతలు, మళ్లీ రెండు మడతలు వేసి చూపించండి.