కాలనీ గ్రంథాలయం: అల్మరాలు నింపే ముందు

చిరంజీవి రమ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవీ, కాలనీవాళ్లు ఇచ్చినవీ కలిపి రెండు వేల పుస్తకాల దాకా పోగయ్యాయని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన విభాగాల పట్టీ చూశాను: తెలుగు, నవలలు, పిల్లలవి, కొత్తవి, ఇతరాలు. దీన్ని పట్టుకుని సర్దడం మొదలుపెట్టకమ్మా. నిన్ననే వచ్చిన ఒక తెలుగు పిల్లల నవల చేతిలోకి తీసుకో. మొదటి నాలుగు విభాగాల్లోనూ అది ఇముడుతుంది. సర్దినవాళ్లు ఒకచోట పెడతారు, కావలసినవాళ్లు మరోచోట వెతుకుతారు. భాష, ప్రక్రియ, పాఠకుల వయసు, వచ్చిన తేదీ నాలుగూ వేర్వేరు లక్షణాలు. వాటిని ఒకే మెట్టు మీద పెట్టడం వల్లే ఈ చిక్కు. ఒక మెట్టులో ఒక్క లక్షణంతోనే విడదీయి. అది పూర్తయ్యాక, ప్రతి గుంపులోనూ రెండో లక్షణం.

విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతి చాలా గ్రంథాలయాల్లో ఉంది. అందులో అంకెలు ఇలాగే నడుస్తాయి. 8 అంటే సాహిత్యం, 894.8 ద్రావిడ భాషల సాహిత్యం, 894.827 తెలుగు. దాని పక్కన 1 చేరితే కవిత్వం, 2 నాటకం, 3 కథలు, నవలలు.

ఏ లక్షణం తీసుకోవాలన్నది అసలు కష్టం. 1933లో కోలన్ వర్గీకరణ అనే మరో పద్ధతి తెచ్చిన మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు దీని మీద చాలా లోతుగా ఆలోచించారు. నీ పనికి మూడు ప్రశ్నలు చాలు. పుస్తకం చూసి ఎవరైనా తేల్చగలరా? రేపు మారకుండా ఉంటుందా? పాఠకులు దాన్ని బట్టి అడుగుతారా? ‘మంచి పుస్తకాలు’ మొదటి ప్రశ్న దగ్గరే పోతాయి. ‘కొత్తవి’ ఆరు నెలల్లో పాతవి అవుతాయి. సైజు తేలికగా తేలుతుంది, మారదు కూడా, కానీ సైజు చెప్పి ఎవరూ అడగరు. అట్లాసు లాంటిది అరలో పట్టకపోతే అడుగున పడుకోబెట్టి, దాని అసలు చోట ‘కింది అరలో ఉంది’ అని రాసిన అట్టముక్క నిలబెట్టు.

మెట్ల వరుస కూడా ముఖ్యం. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ చదివేవాళ్లు వస్తారు. సాహిత్యం కోసం వచ్చినవాళ్లు ముందు భాష చూస్తారు కాబట్టి అక్కడ భాష, ప్రక్రియ, రచయిత. యునానీ వైద్యం గురించి వచ్చినవాళ్లకు ముందు విషయం కావాలి. కాబట్టి శాస్త్రాలకు, చరిత్రకు విషయం ముందు, భాష చివర.

1908 మూసీ వరదల మీద ఒక పుస్తకం ఉందనుకో. వరద ఒక విషయం, హైదరాబాద్ స్థలం, 1908 కాలం. మూడూ నిజమే, కానీ పుస్తకం ఒకచోటే నిలబడాలి. కాలనీవాళ్లు ఊరి చరిత్రగానే అడుగుతారు కనుక చరిత్ర, హైదరాబాద్, 1908 అని పెట్టు. ‘వరదలు’ కింద ఒక కార్డు రాసి ఇటు దారి చూపించు. అల్మరాలో చోటు ఒకటే అయినా కార్డులు ఎన్నైనా రాయొచ్చు.

పోటీ పరీక్షల పుస్తకాలు నిన్ను బాగా ఇబ్బంది పెడతాయి. తెలంగాణ చరిత్ర అని పేరుంటే అది చరిత్రా, గ్రూప్-2 పుస్తకమా? రూపం చూసి తేల్చు. ప్రశ్నలు, ఆప్షన్లు, మోడల్ పేపర్లతో నిండితే పరీక్షల అరకి, వరుసగా చదివించే రచనైతే చరిత్రకి. ఇలాంటి నిర్ణయాలు నోట్‌బుక్‌లో రాసిపెట్టు. ఒక్కో విభాగానికి మూడు వాక్యాలు చాలు: ఏవి వస్తాయి, ఏవి రావు, రానివి ఎక్కడికి పోతాయి.

ముందు వంద పుస్తకాలే తీసుకో. ఒక్కోదానికి 3×5 అంగుళాల కార్డు రాసి, నేల మీద కార్డులనే గుంపులు చెయ్యి. పేర్లు తర్వాత పెట్టు, ముందే పెడితే పుస్తకాలను పేరుకు తగ్గట్టు ఇరికిస్తావు. ఆ తర్వాత నోట్‌బుక్ ఇచ్చి, ఇద్దరి చేత విడివిడిగా యాభై కార్డులు విడదీయించు. తేడా వచ్చిన ప్రతిచోటా నిర్వచనం వదులుగా ఉందన్నమాట. వాళ్లతో వాదించకు, వాక్యం దిద్దు. ‘ఇతరాలు’లో పదోవంతుకు మించి చేరితే అందులో ఒక కొత్త విభాగం దాగి ఉంది, వెతికి బయటికి తియ్యి.

పుస్తకం వీపు మీద లేబుల్ అడుగు నుంచి అంగుళం పైన, అన్నిటికీ ఒకే ఎత్తులో అంటించు. ప్రతి అరలో మూడోవంతు ఖాళీ వదులు, లేకపోతే కొత్తవి వచ్చినప్పుడల్లా అల్మరా మొత్తం జరపాల్సి వస్తుంది. వంద కార్డులూ అయ్యాక నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపు, చూస్తాను.

ఇట్లు,
పెద్దనాన్న