ఇల్లు కుదురుకుంటేనే ఇంటి చదువు

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచీ నీకు తీరిగ్గా రాయాలనిపిస్తోంది. పిల్లలిద్దర్నీ స్కూలు మాన్పించి నెల తిరగలేదు, అప్పుడే బాగా అలిసిపోయావు. "ఏ పుస్తకాలు కొనమంటావు పెద్దమ్మా, టైమ్‌టేబుల్ ఎలా వేయమంటావు" అని అడిగావు. అడిగింది పుస్తకాల గురించే గానీ నువ్వు చెప్పుకొచ్చిందంతా ఇంటి గురించి. పదకొండయినా సింకులో అంట్లు అలాగే ఉంటున్నాయని, పెద్దదాన్ని లెక్కలకి కూర్చోబెడితే చిన్నాడు దాని పెన్సిలు లాక్కుని పారిపోతున్నాడని, ఈలోగా ఎవరో ఒకరు బెల్లు కొడుతూనే ఉంటారని.

ఇంటి దగ్గరే పిల్లలకి చదువు చెప్పుకునే ఇళ్లు నేను చాలానే చూశాను. మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది పాఠం చెప్పడం చేతకాక మానలేదు. వంటా పాఠమూ ఒకే గంటలో ఒకే మనిషి నెత్తిన పడి, ఓపిక అయిపోయి మానేశారు. అందుకే ముందు ఇంటి సంగతి చూద్దాం. పుస్తకాలు ఎక్కడికీ పోవు.

పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా ఆరు పీరియడ్లు వేశానన్నావు. ఆ కాగితం గోడ మీద నుంచి తీసెయ్. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. అంటే రోజుకి నాలుగు గంటలు. అదీ 30 మంది పిల్లలకి ఒక టీచరు లెక్కన. హాజరు వేయడం, నోటు పుస్తకాలు దిద్దడం, అల్లరి ఆపడం అన్నీ అందులోనే. మూడో తరగతి వయసు పిల్ల పక్కన అమ్మ ఒక్కతే కూర్చుని చెప్తే గంటన్నర చాలు, మహా అయితే రెండు గంటలు. అంతకు మించి కూర్చోబెడితే పిల్ల ముందు ఆవలిస్తుంది, తర్వాత ఏడుస్తుంది, ఆ తర్వాత నువ్వు అరుస్తావు.

ఆ రెండు గంటలు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. గడియారం చూసి పెట్టకు, మీ ఇల్లు చూసి పెట్టు. మీకు నీళ్లు ఎన్నింటికి వస్తాయి, పనమ్మాయి ఎన్నింటికి వెళ్తుంది, అల్లుడు గారి ఆఫీసు కాల్స్ ఎప్పుడు మొదలవుతాయి, మీ అత్తగారు టిఫిన్ ఎన్నింటికి చేస్తారు. ఇవి మార్చలేని సంగతులు. వీటి మధ్య గట్టిగా దొరికే ఖాళీ తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర అనుకో, దాన్ని కాపాడుకోవడమే నీ మొదటి పని. పప్పు, కూర పొద్దున టిఫిన్‌తోపాటే పొయ్యి దిగిపోవాలి. మధ్యాహ్నానికి అన్నం కుక్కర్ ఒక్కటే మిగలాలి. కూరగాయలు ముందురోజు రాత్రే తరిగి డబ్బాలో పెట్టుకో. దోసెల పిండి వారానికి రెండుసార్లు రుబ్బుకుంటే నాలుగు పొద్దులు గడుస్తాయి. ఆ రెండు గంటలూ ఫోను బెడ్‌రూమ్‌లో ఉండాలి. మీ అమ్మ చేసినా సరే, తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆవిడకి నేను చెప్తాలే.

ఇక చిన్నాడు. నాలుగేళ్ల పిల్లాణ్ణి "కాసేపు ఆడుకో నాన్నా, అక్కకి చదువుంది" అంటే వాడు అక్క చదువుని పగబడతాడు. అందుకని ముందు వాడి వంతు కానీ. మొదటి ఇరవై నిమిషాలూ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చూపించు, కథ చెప్పు, వాడు అడిగినవన్నీ విను. ఈలోగా పెద్దది తనంతట తను చేతిరాత రాసుకుంటుంది. కడుపు నిండినట్టయితే వాడు కాసేపు నిన్ను వదులుతాడు. అప్పుడు ఒక పళ్లెంలో కందిపప్పు, పెసలు, శనగలు గుప్పెడు చొప్పున కలిపి ఇచ్చి, మూడు గిన్నెల్లోకి వేరు చేయమను. నీ కళ్లెదుటే కూర్చోవాలి సుమా, ఆ వయసు పిల్లలు గింజలు ముక్కులో పెట్టుకుంటారు. వేళ్లకి పట్టు వస్తుంది, రేపు పెన్సిలు పట్టుకోవడానికి అదే పనికొస్తుంది.

పెద్దదానికి భిన్నాలంటే భయమన్నావు. మీ అమ్మ దగ్గర అటక మీద పాత ఇత్తడి కొలతలు ఉండాలి, ఈసారి వెళ్లినప్పుడు తెచ్చుకో. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. బియ్యం డబ్బా ముందు పెట్టి దాన్నే కొలవనీ. గోపురంగా పోస్తే లెక్క తప్పుతుంది కాబట్టి ప్రతిసారీ అరచేత్తో అంచుకి సమంగా గీసి పోయమను. సోల అంటే తవ్వలో సగం, మానికలో పావు, అడ్డలో ఎనిమిదో వంతు అని పుస్తకం తెరవకుండానే దానికి చేతికి తెలుస్తుంది. కుంచానికి ఎన్ని గిద్దలో దాన్నే కనుక్కోమను. అరవై నాలుగు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మెరుస్తాయి చూడు. మా పిల్లలకి రెట్టింపులు, సగాలు ఈ గిన్నెలతోనే వచ్చాయి. పాత గిన్నెలు సొట్టలు పడి ఉంటే కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎందుకు తేడా వచ్చిందని అది అడిగితే ఇంకా మంచిది.

అలాగని ఇంట్లో ప్రతి పనినీ పాఠం చేసెయ్యకు. ఇది నీకు మరీ మరీ చెప్తున్నాను, ఎందుకంటే నీ స్వభావం నాకు తెలుసు. వర్షం చూస్తుంటే నీటిచక్రం, కూరగాయలు కొంటుంటే కూడికలు, అన్నం తింటుంటే పోషకాలు చెప్పావంటే పిల్లలు నీ దగ్గరికి రావడమే మానేస్తారు. స్కూలుకెళ్లే పిల్లలకి టీచరు స్కూల్లో ఉండిపోతుంది, అమ్మ ఇంటి దగ్గర ఉంటుంది. మీ పిల్లలకి ఇద్దరూ నువ్వే. పదకొండున్నర దాటాక నువ్వు అమ్మవి మాత్రమే.

ఇంటి పని విషయానికొద్దాం. పిల్లలు రోజంతా ఇంట్లో ఉంటే ఇల్లు రోజంతా మాస్తుంది. అది నువ్వొక్కదానివే సర్దలేవు, సర్దకూడదు కూడా. ఎనిమిదేళ్ల పిల్ల ఆరిన బట్టలు మడతపెట్టగలదు, భోజనానికి కంచాలు, మంచినీళ్లు పెట్టగలదు. చిన్నాడు కూడా చెప్పులు వరసగా పెట్టగలడు, విడిచిన బట్టలు బుట్టలో వేయగలడు. మగపిల్లాడని వాడికి మినహాయింపు ఇవ్వకు. మడత వంకరగా వచ్చిందని పిల్ల వెళ్లగానే నువ్వు మళ్లీ మడతపెట్టకు. అది చూస్తుంది.

అల్లుడు గారు "నేనూ హెల్ప్ చేస్తాను" అన్నారని సంతోషపడ్డావు. మంచిదే గానీ, హెల్ప్ అంటే రోజూ నువ్వు అడగాలి, ఆయన చేయాలి. దాని బదులు ఒక సబ్జెక్టు మొత్తం ఆయనకి వదిలెయ్. సైన్స్ అనుకో, ఏ పాఠం, ఏ ప్రయోగం, ఎప్పుడు అన్నీ ఆయనవే. శని, ఆదివారాల్లో గంటేసి చాలు. ఆ గంటలో నువ్వు ఆ గదిలోకి వెళ్లకు.

మీ అత్తగారి సంగతి. "చదువుకున్న పిల్లవి, పిల్లల్ని ఇలా ఇంట్లో కూర్చోబెడతావా" అన్నారని బాధపడ్డావు. ఆవిడ అన్నది నీ మీద కోపంతో కాదు, మనవల భవిష్యత్తు ఏమవుతుందోనన్న భయంతో. భయం వాదనతో పోదు. ఆవిడకి ఇంటి చదువులో చోటివ్వు. సాయంత్రం దీపం పెట్టాక శతక పద్యాలు, పొడుపుకథలు, ఆవిడ చిన్నప్పటి ఊరి కబుర్లు ఆవిడ సొత్తు. పెద్దది రోజూ ఒక పేజీ తెలుగు ఆవిడకే పైకి చదివి వినిపించాలి. రెండు నెలలు పోనీ, పక్కింటావిడతో నీ తరఫున ఆవిడే మాట్లాడతారు.

చుట్టాలు మాత్రం వదలరు. వచ్చినవాళ్లు పిల్లని నిలబెట్టి "ఏదీ, పదమూడో ఎక్కం చెప్పు" అంటారు. స్కూలుకెళ్లే పిల్లల్ని ఎవరూ అలా అడగరు. అక్కడ నువ్వు మొహమాటపడకు. "పరీక్షలొద్దు బాబాయ్, కాఫీ తాగండి" అని నవ్వుతూనే ఆపెయ్. లిఫ్ట్‌లో "ఏ స్కూలమ్మా?" అంటే "ఇంట్లోనే చదువుకుంటున్నాం అండీ" అని పిల్లలు తడుముకోకుండా చెప్పేలా ముందే అలవాటు చెయ్. నువ్వు ఆ మాట తల దించుకుని చెప్తే పిల్లలకి తాము తప్పు చేస్తున్నామనిపిస్తుంది.

తోటి పిల్లల సావాసం గురించి అందరూ బెదిరిస్తారు, అందులో నిజం లేకపోలేదు. మీ అపార్ట్‌మెంట్ పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఆటకి దిగే వేళ ఏదో చూసుకుని, ఆ గంటన్నరా మీ వాళ్లు కిందే ఉండాలి. ఆ టైముకి సంగీతం క్లాసనీ, అబాకస్ అనీ పెట్టకు. మామూలు రోజుల్లో బయట తిరగగలగడం మీకున్న అదృష్టం. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు, జూ పార్కుకి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో, ఆదివారం కాకుండా వెళ్తే పిల్లలు తీరిగ్గా చూడొచ్చు. మ్యూజియంలో గంట గంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉంది కదా, పన్నెండుకి కాస్త ముందుగా చేరుకోండి. చిన్నాడికి పన్నెండు దాకా లెక్కపెట్టడం అక్కడే వచ్చేస్తుంది.

పుస్తకాలకి డబ్బు తగలేయకు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్నవి వస్తున్నాయి. మీ పెద్దదానికి అవి సరిగ్గా సరిపోతాయి. వేలు పోసి కొనే కరికులం కిట్ల జోలికి మొదటి ఏడాది వెళ్లకు.

పదో తరగతి ఎలాగని మీ ఆయన టెన్షన్ పడుతున్నారన్నావు. చట్టం మాట మొదట చెప్తాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే వాళ్లకి శిక్ష అని మాత్రం అందులో లేదు. ఇక పరీక్షలంటావా, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, 1989 నుంచి ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి నేరుగా పేరు కట్టించుకోవచ్చు. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఇంకోసారి. ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఐదూ ఒకేసారి రాయనక్కర్లేదు. మా వాళ్లు రెండు విడతల్లో రాశారు. తెలంగాణకి, ఆంధ్రకి వేరే సార్వత్రిక విద్యాపీఠాలు కూడా ఉన్నాయి. మీ పిల్లలకి ఇంకా ఏళ్లున్నాయి, అప్పటికి నిబంధనలు మళ్లీ చూసుకోవాలి. ఇప్పుడు చేయాల్సిందల్లా స్కూలు ఇచ్చిన టీసీ, జనన ధృవీకరణ పత్రం, మార్కుల కార్డులు ఒక ఫైల్లో భద్రంగా పెట్టడం. ఒక నోటుబుక్కులో రోజూ రాత్రి రెండు లైన్లు రాసుకో, ఈ రోజు ఏం చదివారు, ఏం అడిగారు అని. "ఏమీ నేర్పలేకపోతున్నాను" అని నీకు అనిపించిన రోజున పాత పేజీలు తిరగెయ్.

జ్వరాలొస్తాయి, శ్రావణమాసం నోములొస్తాయి, పెళ్లిళ్లొస్తాయి. అలాంటి రోజుల్లో ఒక ఎక్కం, ఒక పేజీ చదవడం. అంతే. అదీ కుదరకపోతే వదిలెయ్, స్కూళ్లకీ సెలవులుంటాయి.

నీ గురించి ఒక్క మాట. ఉద్యోగం మానేశావు కాబట్టి నెలనెలా ఇంత అని నీ పేరున ఉన్న అకౌంట్లో పడేలా మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకో, మొహమాటం వద్దు. ఇంట్లో టీచరు పని, ఆయా పని, వంట పని అన్నీ నువ్వే చేస్తున్నావు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు పిల్లలు పుస్తకాలతోనో, రంగులతోనో ఒక గదిలో, నువ్వు ఇంకో గదిలో. ఆ గంటలో బట్టలు మడతపెడుతూ కనిపించావని మీ అత్తగారు చెప్పారో, ఊరుకోను. పడుకో, లేదా నీకు నచ్చింది చదువుకో.

ఇంకొకటి. ఏడాదో రెండేళ్లో గడిచాక పిల్ల తనే "స్కూలుకి వెళ్తానమ్మా" అంటే, లేదా నీ ఆరోగ్యం పాడవుతుంటే, పంపించెయ్. మన పంతం కోసం పిల్లల్ని ఇంట్లో ఉంచకూడదు. వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టమే చెప్తోంది, నాలుగో సెక్షన్. ఆ తలుపు మూసుకుపోలేదని మనసులో ఉంచుకో.

దసరాకి పిల్లలిద్దర్నీ నా దగ్గరికి పంపు. పదిరోజులు వాళ్ల చదువూ తిండీ నేను చూసుకుంటాను. ఈలోగా ఆ పొద్దుటి రెండు గంటలూ ఎలా కుదిరాయో వచ్చే ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ