ఆఫీసు వైఫై మీద టెస్ట్ చేసి సరిపెట్టుకోకు

చిరంజీవి మేనకోడలికి,

సెల్‌ఫోన్లకు వీడియో పంపే యాప్ టెస్టింగ్ నీకు అప్పగించారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావనీ అమ్మ చెప్పింది. చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ఆఫీసు వైఫై మీద ఏ యాప్ అయినా బాగానే ఆడుతుంది. దాన్ని చూసి పాస్ అని రాయకు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను రకరకాల క్వాలిటీల్లో సర్వర్‌లో ఉంచుతారు. వీడియో పంపే విధానాల్లో ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అయినా, 2012లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వచ్చిన డ్యాష్ అయినా పద్ధతి ఇదే. తర్వాతి ముక్కను ఏ క్వాలిటీలో తెచ్చుకోవాలో ఫోన్‌లోని ప్లేయరే నిర్ణయించుకుంటుంది. నువ్వు పరీక్షించాల్సింది ముఖ్యంగా ఆ నిర్ణయాన్నే.

అందుకే స్పీడును నీ చేతిలో పెట్టుకో. లైనక్స్‌లో నెట్‌ఎమ్ అనే టూల్‌తో నెట్ ఆలస్యాన్నీ, ప్యాకెట్లు పోవడాన్నీ నీకు కావలసినట్టు తెప్పించవచ్చు. 5 ఎంబీపీఎస్ దగ్గర ఆడుతున్న వీడియోకి ఒక్కసారిగా 300 కేబీపీఎస్ ఇచ్చి చూడు. బఫర్ (ముందే తెచ్చి ఉంచుకున్న వీడియో) అయిపోకముందే క్వాలిటీ తగ్గించుకుందా, లేక ఆగి చక్రం తిప్పిందా? నెట్ మళ్లీ పుంజుకున్నాక నిదానంగా పైకి వెళ్లిందా, ఊరికే పైకీ కిందికీ ఊగిందా? మన దగ్గర చాలా ప్లాన్లలో రోజువారీ డేటా అయిపోతే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అప్పుడు వీడియో ఆడకపోవడం యాప్ తప్పు కాదు. ఎందుకు ఆడటం లేదో చూసేవాళ్లకి చెప్పకపోవడం మాత్రం తప్పే, దాన్ని బగ్‌గానే రాయి.

వీడియో నడుస్తుండగానే వైఫై ఆపి మొబైల్ డేటాకి మార్చు. ఐపీ అడ్రస్ మారుతుంది. వీడియో లింకు పాత ఐపీకి కట్టేసి ఉంటే సర్వర్ 403, అంటే అనుమతి లేదు, అంటుంది. సినిమాను పాజ్ చేసి, భోజనం చేసొచ్చి మళ్లీ నొక్కినప్పుడూ ఇలాంటిదే జరగొచ్చు, ఈలోగా లింకు గడువు తీరిపోతుంది. ఈ రెండూ ఎంత తొందరలో ఉన్నా వదలకు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మాట ఆలస్యమవుతోందా అన్నది డబ్బింగ్ సినిమాతో చూడకు, అందులో పెదవులు ఎలాగూ కలవవు. తెర మెరిసినప్పుడే బీప్ వినిపించే క్లిప్ వాడు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ లెక్క ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి పసిగడతాడు.

తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలున్న రెండు వరుసలు పెట్టి చూడు. ఒత్తులు కింది వరుసకు తగిలి తెగిపోతుంటాయి. ఇది మనవాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోరు, కాబట్టి నువ్వే గట్టిగా అడగాలి.

హెచ్‌డీ రావడం లేదని ఎవరైనా అంటే, ముందు ఆ ఫోన్‌లో వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే గూగుల్ ఏర్పాటు) ఎల్1 స్థాయిలో ఉందో, అంతకంటే తక్కువ భద్రత ఉన్న ఎల్3లో ఉందో చూడు. ఎల్3 ఫోన్లకు చాలా సర్వీసులు హెచ్‌డీ ఇవ్వవు. బ్యాటరీ ఖర్చు కొలిచేటప్పుడు యూఎస్‌బీ కేబుల్ తీసెయ్, లేకపోతే ఫోన్ చార్జ్ అవుతూ ఉంటుంది.

రిపోర్టులో సగటు ఒక్కటే రాయకు. ప్లే నొక్కాక మొదటి బొమ్మ రావడానికి పట్టిన సమయం, చూసిన సమయంలో ఎంతసేపు ఆగిందన్నది, అన్నిటికంటే చెడ్డగా ఆడిన ఫోన్ పేరు విడివిడిగా రాయి. మొదటి రిపోర్టు నాకూ పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య