గుడ్లగూబ మీద ఉలి గాటు

ప్రశ్న: ప్రాచీన ఏథెన్స్ వెండి నాణేల ఫొటోలు చూస్తుంటే చాలావాటి మీద, అదీ గుడ్లగూబ ఉన్న వైపు, లోతైన గాట్లు కనిపిస్తున్నాయి. తవ్వకాల్లో పలుగు తగిలి పడ్డాయా? రెండో వైపున్న ఎథీనా దేవత శిరస్త్రాణం మీది కుచ్చు కూడా సగం తెగిపోయినట్టుంటుంది, ఎందుకని?

జవాబు: పలుగు తప్పేం లేదండీ, ఆ గాట్లు ఆ కాలంలోనే కావాలని పెట్టినవి. అది నాలుగు డ్రాక్మాల (డ్రాక్మా అంటే అప్పటి గ్రీకు డబ్బు) నాణెం, బరువు సుమారు 17.2 గ్రాములు. ఏథెన్స్ దగ్గరి లారియన్ గనుల వెండి మేలైనదని పేరు పడటంతో ఈజిప్టు దాకా దాన్ని కళ్లకద్దుకుని తీసుకునేవాళ్లు. పేరున్నదానికే కదా నకిలీలు! రాగి బిళ్లకి పల్చగా వెండి తొడిగి అచ్చు కొట్టేస్తే పైకి తేడా తెలీదు. అందుకని తీసుకునేవాడు ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేసేవాడు: గాటు అడుగున కూడా తెల్లగా ఉంటే సరే, ఎర్రగా రాగి కనబడిందా, గుట్టు రట్టే. దూరదేశాల్లో దాన్ని వెండి ముక్కగానే తూచేవాళ్లు కాబట్టి గాటు పడ్డా విలువ తగ్గేది కాదు.

ఏథెన్స్‌లో అయితే దీనికి చట్టమే ఉండేది. క్రీ.పూ. 375 ప్రాంతంలో చేసిన ఆ శాసనం చెక్కిన రాయి 1970లో అక్కడి అగోరాలో, అంటే పాత బజారులో, దొరికింది. నాణేలు పరీక్షించడానికి ప్రభుత్వ బానిస ఒకడు బజార్లో కూర్చోవాలి, కూర్చోకపోతే 50 కొరడా దెబ్బలు. లోపల రాగో సీసమో ఉన్నది దొరికితే అక్కడికక్కడే గాటు పెట్టి పక్కన పడేయాలి. అతను సరేనన్న నాణేన్ని వద్దన్న వర్తకుడికి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకంతా జప్తే! నాకైతే ఈ షరతే భలే నచ్చింది, ఎందుకంటే దొంగ నాణెం ఎంత ప్రమాదమో, అనుమానంతో మంచి నాణేన్ని తిప్పికొట్టడమూ బజారుకి అంతే ప్రమాదమని వాళ్లకి తెలుసన్నమాట. అలాంటి ఏథెన్సే, అంతకు ముప్పై ఏళ్ల క్రితం స్పార్టాతో యుద్ధంలో ఖజానా ఖాళీ అయినప్పుడు వెండి పూత రాగి నాణేలు వదిలింది లెండి.

ఇక కుచ్చు సంగతి. దేవత తల చెక్కిన అచ్చు దిమ్మలో ఉంటుంది, దానిమీద వెండి బిళ్ల పెట్టి, గుడ్లగూబ అచ్చు పైన ఆనించి, సుత్తితో కొడతారు. అంతా చేత్తో పనే, పైగా బొమ్మకి బిళ్ల సరిపోదు. బిళ్ల కాస్త జరిగితే చాలు, కుచ్చు బయటికి పోతుంది. కుచ్చు మొత్తం పడ్డవి అరుదు కాబట్టే సేకరించేవాళ్లు వాటికోసం ఎగబడతారు.