నోటరీ సీలు ఉంది కదా సార్!

ప్రశ్న: తెనాలిలో నాన్నగారి ఇల్లు అమ్ముతున్నాం. డాలస్‌లో ఉన్న తమ్ముడు నా పేరిట జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారమిచ్చే పత్రం) రాసి, అక్కడే నోటరీ చేయించి కొరియర్‌లో పంపాడు. రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తే ఇలా కుదరదన్నారు. నోటరీ సీలు ఉంది కదా సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. కానీ డాలస్‌లో సీలు వేసినాయన నిజంగా నోటరీయేనని ఇక్కడివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ మాట చెప్పేదే అపోస్టిల్. టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు జతచేసి ఇస్తుంది. దేశాలు ఒకరి అపోస్టిల్‌ను మరొకరు ఒప్పుకునే ఒప్పందం మన దేశంలో 2005 నుంచీ అమల్లో ఉంది. లేదంటే హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ ద్వారా అటెస్టేషన్ చేయించుకోవచ్చు.

నన్నడిగితే జీపీఏ కొత్తగా రాయించండి. ‘ఆస్తి వ్యవహారాలు చూసుకో’ అంటే చాలదు. డోర్ నంబరు, హద్దులు, అమ్మే అధికారం, సంతకం చేసి రిజిస్టర్ చేయించే అధికారం విడివిడిగా ఉండాలి.

ఇంకొకటి. విదేశంలో రాసిన జీపీఏ మన దేశం చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే రుజువు. నా దగ్గరికొచ్చిన ఒకాయన కవరు చించి పారేసి, తేదీ చూపించలేక నెలంతా తిరిగారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో 60 గజాల స్థలం 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ చేసిస్తామంటున్నారు. ధర బాగా తక్కువ. కొనొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిని అమ్మితే రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. కోర్టు ఎదుట నోటరీగా 28 ఏళ్లుగా కూర్చుంటున్నా. పేరులో తేడా, చదువులో గ్యాప్, పోయిన మార్కుల జాబితా – వీటికి అఫిడవిట్లు, జిరాక్సులకు ట్రూ కాపీలు రోజూ చేస్తా. స్థలం అమ్మకం కాగితాలు మాత్రం తిప్పి పంపేస్తా. వాళ్లు పక్క బల్ల దగ్గరికి పోతారనుకోండి, అది వేరే సంగతి. అక్కడ సీలు పడినా అర్థం ఒక్కటే: ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడని. స్థలం అతనిదేనని కాదు.

ప్రశ్న: అమ్మ వీలునామాకు నోటరీ తప్పనిసరా?
– మరో పాఠకురాలు

జవాబు: అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాలి. వాళ్లలో ఒకరైనా అమ్మగారికన్నా బాగా చిన్నవాళ్లయితే మంచిది. రేపు కోర్టుకొచ్చి చెప్పాల్సింది వాళ్లే కదా.